యానిమేషన్ అన్నారు సరే, అందులో ఏ పని?

యానిమేషన్ చదువుల మీద సందేహాలుంటే రాయమన్నందుకు ఉత్తరాలు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. అన్నింటికీ విడివిడిగా జవాబివ్వడం కుదరదు కాబట్టి ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను. నేను హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో యానిమేటర్‌ని, కొత్తగా ఉద్యోగానికి వచ్చేవాళ్ల రీల్స్, అంటే వాళ్లు చేసిన పని చూపించే చిన్న వీడియోలు, చూసే పని కూడా నా నెత్తినే ఉంది. ఇక్కడ చెప్పేదంతా ఆ కుర్చీలోంచి కనిపించేదే, నచ్చకపోతే తిట్టండి గానీ చదివాక తిట్టండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. 'మహావతార్ నరసింహ' చూసి వచ్చినప్పటి నుంచి ఇంజనీరింగ్ వద్దు, యానిమేషన్ చేస్తానని ఒకటే పట్టు. బొమ్మలు గీసుకుంటూ కూర్చుంటే కూడెవడు పెడతాడని వాళ్ల నాన్న కేకలు. ఇంట్లో రోజూ గొడవే. ఏం చేయమంటారు?
– ఒక అమ్మ, నరసరావుపేట

అమ్మా, గొడవ కాసేపు పక్కన పెట్టి మీవాణ్ని ఒక్కటే అడగండి, "యానిమేషన్‌లో ఏం చేస్తావురా?" అని. "యానిమేషనే" అన్నాడంటే వాడికింకా తెలియదన్నమాట. అదేమీ తప్పు కాదు, పదిహేడేళ్లకి ఎవరికి తెలుస్తుంది. కానీ ఫీజు కట్టే ముందు తెలియాలి. సినిమా అయిపోయి పేర్లు పడేటప్పుడు జనమంతా లేచి వెళ్లిపోతారు కదా, ఈసారి మీవాణ్ని కూర్చుని ఆ పేర్లు చదవమనండి. కథని ముందు బొమ్మల్లో వేసి చూపించే స్టోరీబోర్డ్ ఆర్టిస్టు వేరు. హిరణ్యకశిపుడి ఒంటిని కంప్యూటర్‌లో చెక్కినవాడు వేరు, ఆ ఒంటికి రంగు, చర్మం, నగలు తొడిగినవాడు వేరు, లోపల కీళ్లూ కంట్రోళ్లూ పెట్టి అది వంగేలా లేచేలా చేసిన రిగ్గర్ వేరు, ఆ కంట్రోళ్లు పట్టుకుని నటింపజేసే యానిమేటర్ వేరు. ఆ తర్వాత మంటలు, పొగ, నీళ్లు చేసే ఎఫెక్ట్స్ వాళ్లు, లైటింగ్ వాళ్లు, చివరికి అన్నింటినీ ఒక్క ఫ్రేములో అతికే కంపోజిటర్లు. ఒకరి పని ఇంకొకరికి రాదు, రానక్కర్లేదు కూడా. మీవాడికి వీటిలో ఏది ఇష్టమో తేలితే చదువు ఎంచుకోవడం సగం తేలికవుతుంది.

వాళ్ల నాన్నగారి భయం అర్థం లేనిది కాదు. ఈ లైన్లో మొదటి జీతం తక్కువ, మావాళ్లు ఎవరూ కాదనరు. పక్కింటి పిల్లాడు సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి తెచ్చుకునే దాంట్లో సగం కూడా ఉండకపోవచ్చు, మొదటి రెండుమూడేళ్లు ఇంటి నుంచి కొంత పంపాల్సి రావచ్చు. చేయి తిరిగాక ఆదాయం బాగానే ఉంటుంది, ఆ మధ్య కాలమే కష్టం. అది ముందే తెలిసి దిగితే టెన్షన్ తక్కువ.

ఇక చదువు సంగతి. ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్, రాయనివ్వండి, దానికీ దీనికీ పోటీ లేదు. కాకపోతే పెద్ద డిజైన్ ప్రవేశ పరీక్షలు ఇంటర్ పరీక్షలకంటే ముందే మొదలైపోతాయి, చాలామంది తల్లిదండ్రులు దెబ్బ తినేది ఇక్కడే. డిజైన్ డిగ్రీకి రాసే యూసీడ్ పరీక్ష జనవరిలో ఉంటుంది, ఐఐటీ బాంబే నడుపుతుంది, దరఖాస్తులు ముందు ఏడాది చివర్లోనే తీసుకుంటారు. కంప్యూటర్ మీద రాసేది ఒక భాగం, చేత్తో బొమ్మ గీసేది ఇంకో భాగం. ఏ గ్రూప్ వాళ్లయినా రాయొచ్చు, కానీ రెండుసార్లకు మించి కుదరదు, అదీ వరసగా రెండేళ్లే. ఇందులో ర్యాంకు వస్తే బాంబే, ఢిల్లీ, గువాహటి, మన హైదరాబాద్ ఐఐటీ లాంటి చోట్ల బీడిజైన్ సీటు. అది పూర్తి యానిమేషన్ డిగ్రీ కాదు, డిజైన్ డిగ్రీలో యానిమేషన్ వైపు మొగ్గే వీలుంటుంది. పూర్తిగా యానిమేషనే కావాలంటే అహ్మదాబాద్ ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ అని నాలుగేళ్ల కోర్సు ఉంది, దానికి డాట్ అనే పరీక్ష వేరే, వయోపరిమితి కూడా ఉంటుంది. "అమరావతిలోనే ఎన్ఐడీ ఉంది కదా" అని చాలామంది రాశారు. ఉంది, మంచి సంస్థే, కానీ అక్కడ బీడిజైన్‌లో ఇండస్ట్రియల్, కమ్యూనికేషన్, టెక్స్‌టైల్ డిజైన్లే నేర్పుతారు.

ఇవి రెండూ గట్టి పోటీ. అందకపోతే ఏడవక్కర్లేదు. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో నాలుగేళ్ల బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) యానిమేషన్ ఉంది, దానికి ఫాడీ అనే ప్రవేశ పరీక్ష. కడపలోని ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో కూడా బీఎఫ్ఏ ఉంది, దానికి ఏడీసెట్. రెండు రాష్ట్రాల ఉమ్మడి అడ్మిషన్ల గడువు 2024లో ముగిసింది, కాబట్టి మీరు హైదరాబాద్ వైపు చూస్తుంటే లోకల్, నాన్‌లోకల్ నిబంధన నోటిఫికేషన్‌లో ఒకటికి రెండుసార్లు చదువుకోండి. ప్రభుత్వ యూనివర్సిటీ ఫీజుకీ ప్రైవేటు ఫీజుకీ ఉన్న తేడా చూస్తే వాళ్ల నాన్నగారి గొంతు కూడా కాస్త తగ్గుతుంది.

ఇవన్నీ అయ్యేలోపు మీవాడికి ఒక పని పెట్టండి. అదేంటో చివరి ఉత్తరంలో ఒక బుడ్డోడికి చెప్పాను చూడండి. దసరా సెలవుల్లో అది చేసి ఇంకోటి చేయాలనిపిస్తే వాడికి ఈ పని పడుతుంది. అందులో చెప్పిన బంతి బొమ్మ ఎగరేయడానికే విసుగొచ్చిందంటే వాడికి ఇష్టం సినిమాలు చూడడం అన్నమాట, తీయడం కాదు. డబ్బు పెట్టకుండా తేలిపోయింది కదా.

ప్రశ్న: డిగ్రీ ఫైనలియర్ కరీంనగర్‌లో చేస్తున్నాను. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌కి డెమో క్లాసుకి వెళ్లాను. ఏడాదిన్నర కోర్సు, లక్షల్లో ఫీజు, వంద శాతం ప్లేస్‌మెంట్ అన్నారు. ఈ వారంలో అడ్వాన్స్ కడితే డిస్కౌంట్ అంటూ రోజూ ఫోన్లు. కట్టనా?

ఈ వారం మాత్రం కట్టకు తమ్ముడూ. డిస్కౌంట్ వచ్చే వారం కూడా ఉంటుంది, నేను హామీ.

ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్లన్నీ మోసమని నేను అనను. నా పక్క సీట్లలో కూర్చున్నవాళ్లలో చాలామంది అక్కణ్నుంచి వచ్చినవాళ్లే. కానీ బోర్డు ఒకటే అయినా బ్రాంచికీ బ్రాంచికీ నేలకీ నింగికీ ఉన్నంత తేడా, ఎందుకంటే చాలావరకు ఫ్రాంచైజీలు, నడిపేవాడు వేరు, నేర్పేవాడు వేరు. అందుకని బ్రాండ్ చూడకు, నువ్వు కూర్చోబోయే గదిలో పాఠం చెప్పే మనిషిని చూడు. ఆయన ఏ స్టూడియోలో ఎన్నేళ్లు చేశాడు, ఆయన రీల్ ఏది అని అడుగు. నేరుగా అడుగు, సిగ్గుపడకు, కట్టేది మీ నాన్న డబ్బు. నిన్న మొన్నటిదాకా అక్కడే స్టూడెంట్‌గా ఉండి, ఉద్యోగం దొరక్క అక్కడే ఫ్యాకల్టీ అయినవాడు కూడా ఉంటాడు.

రెండోది, రిసెప్షన్ టీవీలో తిరిగే వీడియో కాకుండా పోయిన బ్యాచ్‌లో మామూలు స్టూడెంట్ల రీల్స్ చూపించమను. టాపర్ ఎక్కడున్నా టాపరే, వాడు యూట్యూబ్ చూసి కూడా నేర్చుకునేవాడు. మధ్యరకం స్టూడెంట్ ఏడాదిన్నర తర్వాత ఏం చేయగలుగుతున్నాడో అదే ఆ చోటి అసలు విలువ. వీలైతే సాయంత్రం క్లాసులు వదిలే టైముకి కింద టీ కొట్టు దగ్గర నిలబడి పాత బ్యాచ్ పిల్లల్ని పలకరించు, బ్రోచర్‌లో లేనివన్నీ అక్కడ వినపడతాయి.

మూడోది ఆ "వంద శాతం ప్లేస్‌మెంట్". అందులో ఏ పోస్టు, ఏ జీతం, ఎన్ని నెలల్లో అన్నది కాగితం మీద రాసివ్వమను. చాలాసార్లు జరిగేదేంటంటే, త్రీడీ యానిమేషన్ అని చేర్చుకుని ఎక్కడో ఒక ఎడిటింగ్ షాపులోనో, ఫ్రేము ఫ్రేముకీ గీతలు గీసే రోటో పనిలోనో పెట్టి ప్లేస్‌మెంట్ అయిందంటారు. రోటో తక్కువ పని కాదు, చాలామంది మొదటి మెట్టు అదే. కానీ నువ్వు డబ్బు కట్టింది దానికి కాదు.

ఇంకో మాట, "డిగ్రీ కూడా ఇస్తాం" అంటే మాత్రం ఆ డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీ ఏదో, ఆ కోర్సు ఈ ఊళ్లో ఈ పద్ధతిలో నడపడానికి దానికి అనుమతి ఉందో లేదో యూజీసీ సైట్‌లో చూడాల్సిందే. ఎక్కడో ఇంకో రాష్ట్రం యూనివర్సిటీ పేరు చెప్పి ఇక్కడ అమీర్‌పేటలో పాఠాలు చెప్పే ఏర్పాట్ల మీద యూజీసీ చాలాసార్లు హెచ్చరికలు ఇచ్చింది. ఇండియాలో స్టూడియోవాళ్లు డిగ్రీ అడగరు, అది నిజమే. కానీ రేపు పీజీకో, విదేశీ వర్క్ వీసాకో వెళ్లాలంటే మాత్రం పనికొచ్చే డిగ్రీ కావాలి.

నీకు ఎలాగూ డిగ్రీ చేతికొస్తోంది కాబట్టి సీడ్, అంటే డిజైన్ పీజీ ప్రవేశ పరీక్ష, రాసే ఆలోచన చెయ్యి. ఐఐటీ బాంబేలో యానిమేషన్‌లో ఎండిజైన్ ఉంది, వయసు అడ్డం లేదు, ఎన్నిసార్లయినా రాయొచ్చు.

ప్రశ్న: నాకు బొమ్మలు గీయడం రాదు. యానిమేషన్ నేర్చుకోవచ్చా?
– ఆరుగురు పాఠకులు, దాదాపు ఇవే మాటల్లో

టూడీకి రాదు అంటే కుదరదు, నేర్చుకోవాల్సిందే, అడ్డదారి లేదు. త్రీడీలో గీత బాగుండక్కర్లేదు, చూపు బాగుండాలి. బరువైన బిందె ఎత్తేటప్పుడు మనిషి నడుము ఎటు వంగుతుంది, ఏ కాలు మీద ఆనుతాడు, ఎత్తే ముందు ఒక్క క్షణం ఎందుకు ఆగుతాడు, ఇవి పట్టుకోగలిగితే చాలు. కర్రబొమ్మలతో నోట్సు రాసుకునే యానిమేటర్లు మా దగ్గరే ఉన్నారు, వాళ్ల గీతలు చూస్తే మీకు ధైర్యం వస్తుంది.

ప్రశ్న: బీటెక్ సీఎస్ఈ చేసి బెంగళూరులో టెస్టింగ్‌లో ఉన్నాను. చిన్నప్పటి నుంచి యానిమేషన్ అంటే పిచ్చి. ఉద్యోగం మానేసి మొదటి నుంచి మొదలుపెట్టాలా?
– ఒక పాఠకురాలు

మానేయకండి, మొదటి నుంచి మొదలుపెట్టనూ అక్కర్లేదు. మీ దగ్గరున్నది స్టూడియోలకి దొరకనిది. బొమ్మ వేసేవాళ్లు బోలెడుమంది, పైథాన్ రాసేవాళ్లు కొద్దిమంది. రిగ్గింగ్‌లో, ఎఫెక్ట్స్‌లో, షాట్లు ఒక డిపార్ట్‌మెంట్ నుంచి ఇంకో డిపార్ట్‌మెంట్‌కి పోయే దారిని చూసుకునే పైప్‌లైన్ పనిలో కోడ్ వచ్చినవాళ్లకి డిమాండ్ ఎక్కువ. మాయా, బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్లు రెండింటికీ పైథాన్ నడుస్తుంది. పొగ, నీళ్లు, పేలుళ్ల మీద ఇష్టముంటే హౌడినీ అనే సాఫ్ట్‌వేర్ చూడండి, నేర్చుకోవడానికి ఫ్రీ వెర్షన్ ఉంది, ఇంటర్‌లో తిట్టుకుంటూ చదివిన వెక్టర్లు అందులో మళ్లీ ఎదురొస్తాయి, ఈసారి తిట్టరు. గేమ్ కంపెనీల్లో టెక్నికల్ ఆర్టిస్టు అని ఒక పోస్టు ఉంటుంది, సగం ప్రోగ్రామర్ సగం ఆర్టిస్టు, మీకు అతికినట్టు సరిపోవచ్చు.

సాయంత్రాలు, శనాదివారాలు పెట్టి ఒక మంచి రిగ్ చేయండి. నాలుగు కాళ్ల జంతువుదైతే ఇంకా మంచిది, ఎందుకంటే మనిషి రిగ్ అందరి రీల్‌లోనూ ఉంటుంది. దానితో పాటు మీరు రాసిన చిన్న టూల్ ఒకటి, అది ఏ పని తగ్గిస్తుందో చూపించే రికార్డింగ్ ఒకటి. అవి పట్టుకుని అప్లై చేయండి, పిలుపు వచ్చాక రాజీనామా సంగతి.

దారి మార్చినవాళ్ల ఉదాహరణ కావాలంటే దూరం వెళ్లక్కర్లేదు. ఛోటా భీమ్‌ని పుట్టించిన హైదరాబాద్ గ్రీన్‌గోల్డ్ సంస్థ రాజీవ్ చిలక గారు కూడా అమెరికాలో కంప్యూటర్ సైన్స్‌లో ఎమ్మెస్ చేశాకే యానిమేషన్ చదివారు. 2001లో సంస్థ పెడితే ఛోటా భీమ్ టీవీలోకొచ్చింది 2008లో. ఆ మధ్యలో గడిచిన కాలం కూడా లెక్కలో వేసుకోండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో మూడేళ్లుగా రోటో ఆర్టిస్టుని. ఏఐ వస్తే ముందు మా పనే పోతుందంటున్నారు. బెంగళూరులో ఫ్రెండ్స్‌కి రాత్రికి రాత్రే ఉద్యోగాలు పోయాయి. ఫీల్డ్ మారిపోనా?

నీ భయం ఉత్త భయం అని చెప్పలేను బ్రదర్. 2025 ఫిబ్రవరిలో సినిమా గ్రాఫిక్స్ చేసే టెక్నికలర్ గ్రూప్ కూలినప్పుడు బెంగళూరులో, ముంబైలో వేలమంది రోడ్డున పడ్డారు, పాపం కొందరికి ఆ నెల జీతం సంగతి కూడా తేలలేదు. మన హైదరాబాద్‌కి ఇది కొత్తా అంటే కొత్త కాదు. అమెరికా గ్రాఫిక్స్ కంపెనీ రిథమ్ అండ్ హ్యూస్‌కి ఇక్కడ కూడా స్టూడియో ఉండేది, 'లైఫ్ ఆఫ్ పై' గ్రాఫిక్స్‌లో మనవాళ్ల చేతులూ ఉన్నాయి. 2013 ఫిబ్రవరిలో ఆ సినిమా గ్రాఫిక్స్‌కి ఆస్కార్ రావడానికి కొద్ది రోజుల ముందే అమెరికాలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. స్టేజీ మీద అవార్డు తీసుకున్నాయన ఆ మాట ఎత్తబోతుంటే మ్యూజిక్ పెట్టి మైకు కట్ చేశారు. అప్పుడు ఏఐ లేదు. చెప్పొచ్చేదేంటంటే ఈ రంగంలో కంపెనీలు కూలేది ఎక్కువగా మెషీన్ల వల్ల కాదు, తక్కువ రేటుకి పని ఒప్పుకుని, డైరెక్టర్ ఎన్నిసార్లు మార్చమంటే అన్నిసార్లు అదే డబ్బుకి మార్చి ఇచ్చే వ్యాపారం వల్ల.

ఏఐ సంగతి అంటావా, రోటో మీద దెబ్బ పడుతుంది, పడుతోంది కూడా. అయిదు సెకన్ల షాట్ అంటే 120 ఫ్రేములు, మనిషి చుట్టూ గీత గీసి ప్రతి ఫ్రేములో జరుపుకుంటూ పోవడం, ఇది మెషీన్ నేర్చుకోగల పనే. గాలికి ఎగిరే జుట్టు, చీర అంచు, వేగంగా ఊపిన చెయ్యి, ఇక్కడ మాత్రం అది ఇంకా తడబడుతుంది, ఆ తడబాటు సరిదిద్దే మనిషి కావాలి. కానీ పదిమంది చేసే చోట ముగ్గురు సరిపోతారు. ఆ ముగ్గురిలో ఉంటానులే అన్న ధీమాతో కూర్చోకు.

ఫీల్డ్ మారనక్కర్లేదు, సీటు మార్చు. నీకు మూడేళ్లుగా ఫ్రేము వైపు చూసే అలవాటు ఉంది, అంచు ఎక్కడ తేడా కొడుతుందో నీ కన్ను చెబుతుంది. కంపోజిటింగ్‌కి కావాల్సింది అదే. దానికి వాడే న్యూక్ సాఫ్ట్‌వేర్ నాన్‌కమర్షియల్ వెర్షన్ ఫ్రీగా దొరుకుతుంది. ముందు పెయింట్, ప్రెప్ పని అడిగి చేయించుకో, వైర్లు తీసేయడం, బ్యాక్‌గ్రౌండ్ శుభ్రం చేయడం లాంటివి, తర్వాత చిన్న చిన్న కంపోజిటింగ్ షాట్లు. మీ లీడ్‌ని అడుగు, నైట్ షిఫ్ట్‌లో ఖాళీ లైసెన్సు ఉంటే వాడుకోనిస్తారు, మంచివాళ్లయితే. ఆ ఏఐ టూల్స్ కూడా నువ్వే ముందు నేర్చుకో. ఆఫీసులో దాన్ని వాడి చూపించినవాడికి ఉద్యోగం పోయే అవకాశం కాస్త తక్కువ. హోమ్‌లోన్ మాత్రం ఇప్పుడే పెట్టుకోకు.

ప్రశ్న: విజయవాడలో బీఎఫ్ఏ చేశాను. అమెరికాలో యానిమేషన్‌లో మాస్టర్స్‌కి కన్సల్టెన్సీవాళ్లు రెండు కాలేజీలు చూపించారు, రెండూ యానిమేషనే, ఫీజు ఒకదానికి తక్కువ. లోన్ తీసుకుని వెళ్లొచ్చా? ఇంతకీ రీల్ అంటే ఏంటి?

ఫీజు కంటే ముందు చూడాల్సింది ఇంకోటుందమ్మా, కన్సల్టెన్సీవాళ్లు తమంతట తాము చెప్పరు. ప్రతి కోర్సుకీ అది ఏ విభాగమో చెప్పే ఒక సిప్ కోడ్ ఉంటుంది, వీసా కోసం కాలేజీ ఇచ్చే నీ ఐ-20 కాగితం మీద కూడా ముద్రిస్తారు. చదువయ్యాక ఓపీటీ కింద పన్నెండు నెలలు పని చేయనిస్తారు. ఆ కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలో ఉంటే ఇంకో ఇరవైనాలుగు నెలలు అడగొచ్చు. యానిమేషన్ పేరుతో ఉన్న కోర్సుల్లో కొన్ని 10.0304 కింద నడుస్తాయి, అది స్టెమ్. చాలావరకు ఎంఎఫ్ఏలు, అంటే ఫైన్ ఆర్ట్స్ పీజీలు, 50తో మొదలయ్యే కళల కోడ్ కింద ఉంటాయి, వాటికి మామూలుగా ఆ పొడిగింపు రాదు. పేరు ఒకటే, ఒకదానికి ఏడాది, ఇంకోదానికి మూడేళ్లు. అప్పు చేసి వెళ్లేవాళ్లకి ఇది చిన్న తేడా కాదు. కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకి ఈమెయిల్ పెట్టి కోడ్ అడుగు, రాతపూర్వకంగా చెబుతారు.

లోన్ విషయానికొస్తే, ఏడున్నర లక్షలు దాటితే ప్రభుత్వ బ్యాంకులు మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతాయి. ఇల్లో పొలమో పెట్టాలన్నమాట. అమెరికాలోనే పెద్ద పెద్ద స్టూడియోలు మనుషుల్ని తీసేస్తున్న కాలంలో, ఇక్కడ ఒక్కరోజు కూడా స్టూడియోలో పనిచేయకుండా పొలం తాకట్టు పెట్టి వెళ్లమని నేనైతే మా ఇంట్లో పిల్లకి చెప్పను. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో రెండేళ్లు చేసి, రీల్ బలపడ్డాక, స్కాలర్‌షిప్ అడిగే స్థితిలో వెళ్లు. అప్పటికి అసలు వెళ్లాలా వద్దా అన్నది కూడా నీకే తెలుస్తుంది. కెనడా ఆలోచన ఉంటే షెరిడన్ కాలేజీ బ్యాచిలర్ ఆఫ్ యానిమేషన్‌కి పేరుంది గానీ అది నాలుగేళ్ల డిగ్రీ, నీకు ఒకటి అయిపోయింది. అక్కడి ప్రైవేటు డిప్లొమా కాలేజీల్లో చాలావాటికి చదువయ్యాక ఇచ్చే వర్క్ పర్మిట్ వర్తించదు, కట్టే ముందు కెనడా ప్రభుత్వ జాబితాలో ఆ కాలేజీకి ఆ పర్మిట్ వర్తిస్తుందని ఉందో లేదో చూసుకో.

రీల్ అంటే ఏంటో అడిగావు చివర్లో. నిమిషం, మహా అయితే నిమిషంన్నర. అన్నింటికంటే మంచి షాట్ మొదట పెట్టు, చివర్లో దాచకు, చాలాసార్లు మేం చివరిదాకా వెళ్లం. మొదటి పది సెకన్లు నీ పేరు గుండ్రంగా తిరుగుతూ నిప్పులు కక్కుతూ వస్తుంటే ఫార్వర్డ్ చేసేస్తాం. ట్యుటోరియల్ చూసి చేసిన డోనట్ అక్కర్లేదు, ప్రపంచంలో బ్లెండర్ నేర్చుకున్న ప్రతివాడి దగ్గరా ఆ డోనట్ ఉంది. గ్రూపులో చేసిన షాట్ అయితే అందులో నువ్వు చేసిందేదో కింద రాయి. నువ్వు చేయని పని నీదని పెట్టావా, ఈ ఊరు చిన్నది, అది చేసినవాడు మా పక్క క్యాబిన్‌లోనే ఉంటాడు.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. మా ఇంట్లో కంప్యూటర్ లేదు, అమ్మ ఫోన్ ఉంది. యానిమేషన్ ఎలా మొదలుపెట్టాలి అంకుల్?
– ఒక విద్యార్థి, పార్వతీపురం

కంప్యూటర్ లేకపోవడం నీ అదృష్టం అనుకో నాన్నా, ఉంటే ఏ సాఫ్ట్‌వేర్ మంచిదా అని చూస్తూ ఏడాది గడిపేసేవాడివి. పాత నోటుబుక్కు ఒకటి, పెన్సిల్ ఒకటి తీసుకో. పేజీ కింది మూల చివర బంతి గియ్యి, కింద నేల గీత ఒకటి. తర్వాతి పేజీలో బంతి కొంచెం జరగాలి. పేజీలు గబగబా వదిలితే బంతి పడుతుంది, లేస్తుంది. ఇక్కడిదాకా అందరూ చేస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు మొదటిసారి బంతుల మధ్య దూరం సమానంగా పెడతావు. అప్పుడు బంతి పడినట్టుండదు, లిఫ్టులో దిగినట్టుంటుంది. నిజం బంతి పైన ఉన్నప్పుడు నెమ్మదిగా ఉంటుంది కాబట్టి పైన బొమ్మలు దగ్గర దగ్గరగా, ఒకదాని మీద ఒకటి పడేంత దగ్గరగా ఉండాలి, కిందికి వస్తున్నకొద్దీ ఎడం పెరగాలి, నేలకి తగిలే ముందు అన్నింటికంటే ఎక్కువ ఎడం. తగిలిన ఒక్క పేజీలో కాస్త నొక్కుకుపోయినట్టు గియ్యి, లేచేటప్పుడు మళ్లీ పెద్ద ఎడంతో మొదలై పైకి పోతున్నకొద్దీ తగ్గాలి. రెండోసారి మొదటంత ఎత్తు లేవకూడదు. ఇది కుదిరాక అదే పుస్తకంలో ఇనుప గుండు పడెయ్యి, తర్వాత బెలూన్ పడెయ్యి. మూడూ గుండ్రంగానే గీస్తావు, కానీ ఏది ఇనుమో ఏది బెలూనో చూసినవాడికి కదలికను బట్టే తెలియాలి. మేం స్టూడియోలో జీతం తీసుకుని చేసేది కూడా ఇదే, బంతి బదులు రాక్షసుడు ఉంటాడు, అంతే తేడా.

సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు. టూడీలో ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు ఉంచడం మామూలే, అంటే సెకనుకి పన్నెండు బొమ్మలు. అమ్మ ఫోన్ ఖాళీగా ఉన్నప్పుడు ఫ్లిపాక్లిప్ లాంటి యాప్‌లో పన్నెండు అని పెట్టుకుని ఇదే బంతిని వేలితో గీసి చూడు, ముందు బొమ్మ వెనకాల లేతగా కనిపిస్తుంది, ఎడం కొలుచుకోవడం తేలిక. తర్వాతెప్పుడో కంప్యూటర్ దొరికితే బ్లెండర్ వేసుకో, ఫ్రీ. ఫ్రీ కదా అని చిన్నచూపు వద్దు, 2025లో ఆస్కార్ గెలిచిన 'ఫ్లో' అనే లాత్వియా సినిమా అందులోనే చేశారు, అందులో ఒక్క మాట కూడా ఉండదు, అంతా పిల్లి, ఇంకొన్ని జంతువులు. మీ వీధిలో పిల్లి ఉంటే అది గోడ దూకే ముందు వెనక్కాళ్లు ఎలా సర్దుకుంటుందో చూడు, బంతి తర్వాత పాఠం అదే.

లెక్కల నోటుబుక్కు మాత్రం వాడకు. వాడి దొరికిపోతే మీ మాస్టారికి నా పేరు చెప్పకు.